మౌనా లోవా అగ్నిపర్వతం మీద కొలిచిన కార్బన్ డయాక్సైడ్ లెక్కను ఎలా నమ్మాలి?

మీరు ఒక్క ప్రశ్నగా అడిగినా ఇందులో మూడున్నాయి. హవాయిలో గ్యాసు కక్కే అగ్నిపర్వతం మీద పరికరం పెట్టి కొలిస్తే ఆ అంకె ప్రపంచం మొత్తానిది ఎలా అవుతుంది? హైదరాబాద్‌లో మీరు కొనుక్కున్న మీటరు బాల్కనీలో 400 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో ఇన్ని కార్బన్ డయాక్సైడ్ అణువులని) దగ్గరే ఆగుతుంటే వాళ్లు 425 దాటిందంటున్నారు, తప్పు ఎవరిది? 1942 ప్రాంతంలోనే 400 దాటిందని చూపించే గ్రాఫు ఒకటి తిరుగుతోంది, దాని సంగతేమిటి?

ముందు సూటిగా జవాబులు. మౌనా లోవా లెక్కను నమ్మవచ్చు. అగ్నిపర్వతం గ్యాసు అక్కడి పరికరం దాకా వస్తుందన్నది ఎవరూ దాచలేదు. అది వచ్చిన గంటల్ని గుర్తుపట్టి పక్కన పెట్టడం మొదట్నుంచీ ఉన్న పనే. పక్కన పెట్టకుండా అన్ని గంటలూ కలిపేసినా ఏడాది సగటు చెప్పుకోదగ్గంత మారదు. తప్పు మీ మీటరుది, అదీ ఊహించదగ్గ తప్పే. ఆ 1942 గ్రాఫులో ఉన్నవి ఊళ్ల గాలి అంకెలు. ఇక కారణాలు.

పరికరం ఉన్నది శిఖరం మీద కాదు. శిఖరం 4,169 మీటర్ల ఎత్తులో ఉంటే, అబ్జర్వేటరీ దానికి ఉత్తరపు వాలులో 3,397 మీటర్ల దగ్గర ఉంది. చుట్టూ నల్లటి లావా నేల, పచ్చటి ఆకు కనపడదు. పగలు ఎండకి నేల వేడెక్కి గాలి కింది నుంచి పైకి పాకుతుంది. దిగువ అడవుల్లో ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసిన గాలి అది, అందుకే మధ్యాహ్నం అంకె కాస్త తగ్గుతుంది. రాత్రి నేల చల్లబడితే గాలి పైనుంచి కిందికి జారుతుంది. పసిఫిక్ మీద వేల కిలోమీటర్లు తిరిగి బాగా కలిసిపోయిన శుభ్రమైన గాలి అది. మనకు కావలసింది ఇదే. చిక్కేమిటంటే శిఖరం దగ్గరి బిలాల గ్యాసు కూడా అప్పుడప్పుడు ఈ రాత్రి గాలితోనే దిగివస్తుంది.

దాన్ని పట్టుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. బిలం నుంచి వచ్చే గ్యాసు సన్నటి పాయలా వస్తుంది, నిమిషం నిమిషానికీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. సముద్రం మీది గాలి గంటల తరబడి ఒకే అంకె చూపిస్తుంది. నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వాడే జల్లెడ ఇది:

- ఒక గంటలోని నిమిషాల అంకెల చెదురు 0.30 పీపీఎం దాటితే ఆ గంట పక్కకి. అగ్నిపర్వతం గ్యాసు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. అలాంటి గంటల్లో గాలి నెమ్మదిగా, దక్షిణం వైపు నుంచి (135 నుంచి 225 డిగ్రీల మధ్య) వీస్తుంటుంది.
- పక్క గంటతో తేడా 0.25 పీపీఎం లోపు ఉండాలి. లేకపోతే అదీ పక్కకే.
- ఉదయం 11 నుంచి రాత్రి 7 దాకా గాలి వాలు ఎక్కి వచ్చే అవకాశం ఉన్న గంటలకు వేరే గుర్తు పెడతారు.

ఇవన్నీ పోగా సగటున రోజుకి 13, 14 గంటలు మిగులుతాయి. పక్కన పెట్టిన గంటల్ని చెరిపెయ్యరన్నది గమనించండి. గంటవారీ ఫైలులో అవి కూడా గుర్తులతో సహా అందరికీ దొరుకుతాయి. అనుమానం ఉన్నవాళ్లు అన్నీ కలిపి సగటు తీసి చూసుకోవచ్చు.

ఇంకా అనుమానం ఉంటే అగ్నిపర్వతాన్ని పూర్తిగా వదిలేయండి. దక్షిణ ధ్రువంలో 1957 నుంచి కొలుస్తున్నారు. ఆస్ట్రేలియా వాళ్లు టాస్మానియాలోని కేప్ గ్రిమ్‌లో 1976 నుంచి కొలుస్తున్నారు. అలాస్కా ఉత్తరపు కొస, సమోవా, ఇంకా డజన్ల కొద్దీ చోట్ల ఉన్నాయి. అన్నీ ఒకే వాలుతో పైకి పోతున్నాయి. తేడా ఋతువుల ఊపులోనే. మౌనా లోవాలో మే నెలలో గరిష్ఠం, సెప్టెంబరు, అక్టోబరుల్లో కనిష్ఠం, మధ్య తేడా సుమారు 6 పీపీఎం. అలాస్కాలో ఊపు దీనికి రెట్టింపు పైనే. దక్షిణ ధ్రువంలో ఒకటి రెండు పీపీఎం మించదు, ఎందుకంటే అడవులూ పొలాలూ ఎక్కువగా ఉన్నది ఉత్తరార్ధగోళంలో. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు జరిగింది ఇంకా విచిత్రం. ఆ తర్వాతి రెండేళ్లు ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల వేగం తగ్గింది. అగ్నిపర్వతాలే కారణమనేవాళ్లు ఈ మాట ఎత్తరు.

అసలు నమ్మకం చోటు మీద కాదు, ప్రామాణిక గ్యాసు మీద నిలబడింది. జనం మాట్లాడుకునేదంతా అగ్నిపర్వతం గురించే, ఈ పని తెలిసినవాళ్ల దిగులంతా సిలిండర్ల గురించే.

మౌనా లోవా కొలతలకు ఆద్యుడైన శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1950ల మధ్యలో కాలిఫోర్నియాలో ఈ పని మొదలుపెట్టినప్పుడు తన మానోమీటరు (గ్యాసు పీడనం కొలిచే పరికరం) తానే కట్టుకున్నాడు. పద్ధతి ఇది. గాలి ఖాళీ చేసిన 5 లీటర్ల గాజు ఫ్లాస్కులో నమూనా పట్టాలి. తేమ తీసేసి, ద్రవ నైట్రోజన్‌తో (-196 డిగ్రీలు) చల్లబరిస్తే కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి గాజుకి అంటుకుంటుంది. మిగతా గాలిని పంపుతో లాగేయాలి. తర్వాత వేడి చేసి, ఆ గ్యాసుని కచ్చితంగా తెలిసిన ఘనపరిమాణంలోకి పంపి పాదరసంతో పీడనం చదవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. నైట్రస్ ఆక్సైడ్ కూడా ఆ చలికి గడ్డకట్టి కార్బన్ డయాక్సైడ్‌తోనే వస్తుంది. అది 0.3 పీపీఎం చిల్లరే అయినా తీసివేయకపోతే లెక్క తప్పుతుంది.

ఫ్లాస్కు తెరిచే మనిషి కూడా ప్రమాదమే. మన ఊపిరిలో 4 శాతం, అంటే 40,000 పీపీఎం ఉంటుంది. అందుకే గాలికి ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి మూత తిప్పాలన్నది నియమం. ఇప్పటికీ అదే పాటిస్తారు.

మౌనా లోవాలో 1958 మార్చిలో పెట్టింది మాత్రం మానోమీటరు కాదు, నిరంతరం నడిచే ఇన్‌ఫ్రారెడ్ యంత్రం. ఆ పరారుణ కాంతిని కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగిందో చూసి అది అంకె చెప్తుంది. ఆ నెల సగటు 315.7 పీపీఎం. ఇలాంటి యంత్రం తనంతట తాను నిజం చెప్పదు. ఉష్ణోగ్రత మారినా, దీపం పాతబడినా అంకె జరిగిపోతుంది. అందుకే గాలి పంపుతూ మధ్యమధ్యలో ముందే లెక్క తెలిసిన గ్యాసు పంపి సరిచూస్తారు. కొట్లో తక్కెడ ఎలాంటిదైనా ముద్ర వేసిన తూకపు రాళ్లుంటే సరుకు సరిగ్గా తూగినట్టే ఇది. ఆ రాళ్లు ఈ సిలిండర్లు. 1990ల మధ్య వరకు ప్రపంచానికంతటికీ ఆ ముద్ర వేసింది కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో కీలింగ్ మానోమీటరు. ఆ తర్వాత ఆ బాధ్యత అమెరికాలోనే బోల్డర్ అనే ఊళ్లోని నోవా ప్రయోగశాలకి వెళ్లింది. 2019 ఏప్రిల్ నుంచి మౌనా లోవాలో నోవా పాత ఇన్‌ఫ్రారెడ్ యంత్రం బదులు అద్దాల మధ్య లేజరు కాంతి ఎంతసేపట్లో ఆరిపోతుందో చూసే పరికరం వాడుతోంది. యంత్రం మారినా సిలిండర్ల పద్ధతి మారలేదు.

ఇక్కడ ఏవేం చెడతాయో చెప్తే ఆ అంకె వెనక పని అర్థమవుతుంది.

తేమ. మన తీరప్రాంతపు వానాకాలం గాలిలో నీటి ఆవిరి 3 శాతం దాకా ఉంటుంది. పొడి గాలిలో 420 ఉన్నది ఆ తడి గాలిలో 407గా కనపడుతుంది (420ని 0.97తో గుణించండి). అంటే దశాబ్దాల మార్పుని చూడాల్సిన చోట ఐదారేళ్ల పెరుగుదల ఆవిరిలో మాయమవుతుంది. అందుకే గాలిని బాగా చల్లబరిచిన గొట్టంలోంచి పంపి ఆరబెడతారు. ఈ రంగంలో ఎవరు చెప్పినా పొడి గాలి లెక్కే చెప్తారు.

సిలిండరు గోడలు. లోపలి లోహానికి కొంచెం కార్బన్ డయాక్సైడ్ అంటుకుని ఉంటుంది. గ్యాసు అయిపోతూ పీడనం పడిపోయే కొద్దీ అది ఊడి, మిగిలిన గ్యాసులో కలుస్తుంది. ప్రామాణిక గ్యాసే పెరిగితే, దానితో పోల్చిన గాలి తగ్గినట్టు కనపడుతుంది. అందుకే పీడనం 20 బార్ల (మామూలు గాలి పీడనానికి సుమారు 20 రెట్లు) దగ్గరికి వచ్చిన సిలిండర్ని అడుగంటా వాడరు, పక్కన పెట్టేస్తారు.

నైట్రోజన్ పొరపాటు. మొదటి రోజుల్లో ప్రామాణిక గ్యాసుని నైట్రోజన్‌లో కలిపి తయారుచేసేవారు. అసలు గాలిలో ఆక్సిజన్ కూడా ఉంటుంది. పక్కన ఏ అణువులున్నాయన్నదాన్ని బట్టి కార్బన్ డయాక్సైడ్ కాంతిని మింగే తీరు కొద్దిగా మారుతుంది. దీనివల్ల తొలి అంకెలు కొన్ని పీపీఎంలు తప్పాయని తర్వాత తేలి, పాత రికార్డంతా సవరించారు. పాత పుస్తకంలోని అంకెకీ ఇప్పటి ఫైలుకీ తేడా కనపడితే 'లెక్కలు మార్చేశారు' అని కేకలు వేసేవాళ్లు సాధారణంగా దీన్నే చూసి ఉంటారు. ఈ మధ్య కూడా ప్రమాణపు స్కేలు ఒకసారి మారింది. దానితో 400 దగ్గర ఉన్న అంకెలు సుమారు 0.18 పీపీఎం పెరిగాయి. ఎంత మారిందో, ఎందుకు మారిందో, ఏ సమీకరణంతో మార్చాలో ప్రచురించాకే మార్చారు.

ఇక మీ మీటరు. ఇళ్లకి అమ్మే ఇన్‌ఫ్రారెడ్ మీటర్ల కచ్చితత్వం సాధారణంగా ప్లస్ లేదా మైనస్ 50 పీపీఎం దగ్గర ఉంటుంది. దాని మీద ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, చాలా మీటర్లలో లోపలి ప్రోగ్రాం గత కొన్ని రోజుల్లో చూసిన కనిష్ఠ అంకెను '400' అనుకుని తనను తాను సర్దుకుంటుంది. బయటిగాలి ఇప్పటికీ 400 దగ్గరే ఉందని మీ మీటరు చూపించడం కొలత కాదు, దానికి నేర్పిన పాఠం. రెండు, అది లెక్కపెట్టేది గొట్టంలో ఉన్న అణువుల్ని. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి గాలి పీడనం సుమారు 6 శాతం తక్కువ. ఆ సవరణ లేని మీటరు 425ని 400గా చూపిస్తుంది.

సరిచేసుకోవాలంటే: ఆటోమేటిక్ సర్దుబాటు ఆపండి (రోజంతా ఏసీ వేసి తలుపులు మూసి ఉంచే గదిలో అది మరీ చెడగొడుతుంది). మధ్యాహ్నం 2, 4 గంటల మధ్య గాలి ఆడే డాబా మీద, మీరు రెండు మూడు మీటర్ల దూరంలో ఉండి, అరగంట వదిలేయండి. ఆ తర్వాత చేత్తో 425కి సెట్ చేయండి. మధ్యాహ్నమే ఎందుకంటే రాత్రిపూట నేల, మొక్కలు, వాహనాలు వదిలిన గ్యాసు నేలకి దగ్గరగా పేరుకుపోతుంది. ఎండ ఎక్కాక పైగాలితో కలిసి పలచబడుతుంది. కీలింగ్ 1955లోనే ఇది గమనించాడు: రాత్రి అంకెలు చోటు చోటుకీ వేరు, మధ్యాహ్నం అంకెలు మాత్రం ఎక్కడ చూసినా 310 దగ్గరే. ఇంతా చేసి మీ మీటరు పనికొచ్చేది గదిలో గాలి ఆడుతోందా లేదా తెలుసుకోవడానికే. వాతావరణ మార్పు దానికి కనపడదు.

మన దగ్గర సరైన కొలతలు లేవా అంటే ఉన్నాయి. గోవాలో కేప్ రామా దగ్గర 1993లో ఆస్ట్రేలియా వాళ్ల సాయంతో ఫ్లాస్కు నమూనాలు మొదలయ్యాయి. నైరుతి గాలి వీచేటప్పుడు శుభ్రమైన అరేబియా సముద్రపు గాలి, శీతాకాలంలో దేశం మీది గాలి అందుతాయి. అయితే 2002 తర్వాత కొన్నేళ్లు ఆగిపోయింది. మధ్యలో తెగిన రికార్డు విలువ సగం. షాద్‌నగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు లేజరు పరికరంతో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కొలిచారు. అక్కడ రోజువారీ ఎగుడుదిగుడు, పంటల ప్రభావం బాగా కనపడతాయి. ఆ ప్రాంతపు కథ తెలుసుకోవడానికి అది సరైన చోటు, ప్రపంచ సగటుకి కాదు.

1942 గ్రాఫు సంగతి పై పేరాల్లోనే సగం తేలిపోయింది. అందులోవి రసాయన పద్ధతి కొలతలు. గాలిని క్షార ద్రావణంలోంచి పంపి, ఎంత క్షారం ఖర్చయిందో చూసేవారు. పద్ధతి మరీ చెడ్డదేమీ కాదు. కానీ నమూనాలు పట్టింది యూరప్ ఊళ్లలో, పొలాల్లో, నేలకి దగ్గరగా, ఏ వేళప్పుడంటే ఆ వేళప్పుడు. 1950ల మధ్యలో స్కాండినేవియా దేశాల వాళ్లు ఇదే పద్ధతితో కొలిస్తే ఒకే కాలంలో చోటు చోటుకీ వందకి దగ్గరగా పీపీఎంల తేడా వచ్చింది. నిజంగా 1942లో ప్రపంచ సగటు 400 దాటి 1958కి 315కి పడిందనుకుందాం. 1 పీపీఎం అంటే 780 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. 85 పీపీఎంలు, అంటే 66,000 కోట్ల టన్నులు, పదహారేళ్లలో ఎక్కడికి పోయాయో చెప్పాలి. అంటార్కిటికాలో లా డోమ్ మంచులో చిక్కిన గాలి బుడగలు వెయ్యేళ్ల రికార్డు ఇస్తాయి, అది 1978 దాకా వచ్చి నేరుగా కొలిచిన అంకెలతో కలుస్తుంది. అందులో పారిశ్రామిక యుగానికి ముందు 280 దగ్గర, తర్వాత ఎక్కుడే. 1940ల్లో కొండలా పైకి లేచింది ఏదీ లేదు.

ఈ టన్నుల లెక్కతోనే పెరిగినది మనం కాల్చినదేనా అన్నది కూడా చూసుకోవచ్చు. బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు నుంచి ఏటా సుమారు 3,700 కోట్ల టన్నులు, అడవులు నరకడం వల్ల ఇంకొన్ని వందల కోట్లు. దీన్ని 780తో భాగిస్తే 5 పీపీఎం చిల్లర. గాలిలో పెరుగుతున్నది సగటున 2.5. మిగతా సగం సముద్రాలూ, నేలా మింగుతున్నాయి. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏటా వదిలేది 100 కోట్ల టన్నుల లోపే. పైగా చార్లెస్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి గాలిలో ఆక్సిజన్ కొలుస్తున్నాడు, అది తగ్గుతోంది. ఏదైనా మండితే ఆక్సిజన్ ఖర్చవుతుంది, బిలంలోంచి గ్యాసు వస్తే కాదు. కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) వాటా కూడా తగ్గుతోంది, అది మొక్కల నుంచి వచ్చిన ఇంధనం గుర్తు.

విధానాల వైపు ఒక్క విషయం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ తికమకపడతారు. 1965లోనే అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా సంఘం కీలింగ్ అంకెలు ముందు పెట్టుకుని, మండించిన ఇంధనంలో దాదాపు సగం గాలిలోనే ఉండిపోతోందని రాసింది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం రెండో అధికరణం గాలిలోని గ్యాసుల సాంద్రతను స్థిరపరచడమే లక్ష్యమంటుంది. కానీ ఆ తర్వాత 1997 నాటి క్యోటో, 2015 నాటి పారిస్ ఒప్పందాలు నడిచింది సాంద్రతల మీద కాదు, దేశాలు తామే రాసి ఇచ్చే ఉద్గారాల పద్దు మీద. ఎన్ని టన్నుల బొగ్గు కాల్చారో దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి రాస్తారు. అంటే ఖాతా దేశాలది, ఆడిట్ చేయగలిగింది గాలి ఒక్కటే. ఆ ఆడిట్ పనిచేస్తుందనడానికి రుజువు ఓజోన్ ఒప్పందంలో ఉంది. ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని నిషేధించిన సీఎఫ్‌సీ-11 వాయువు తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని 2018లో బయటపెట్టింది మౌనా లోవాతో సహా ఈ కేంద్రాల కొలతలే. 2012 తర్వాత ఏటా 13,000 టన్నుల దాకా ఎక్కువ విడుదలవుతోందని లెక్క తేలింది. మరుసటి ఏడాది కొరియా, జపాన్ కేంద్రాల కొలతలు ఇందులో పెద్ద వాటా తూర్పు చైనా నుంచి వస్తోందని చూపాయి. ఆ తర్వాత విడుదల పడిపోయింది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అడవుల ఊపిరి మధ్య దేశాల వాటా విడదీయాలి. 2020లో లాక్‌డౌన్ల వల్ల ఉద్గారాలు 5 శాతం చిల్లర తగ్గినా మౌనా లోవా గీతలో కంటికి ఆనలేదు. ఆ తగ్గుదల 0.2 పీపీఎంకి అటూఇటూ, ఎల్‌నినో, లానినాల వల్ల వచ్చే తేడానే దానికి కొన్ని రెట్లు.

గీత మీరే గీసి చూడాలనుకుంటే నెలవారీ ఫైలు నోవా సైటులో ఉచితంగా ఉంది. సంవత్సరం, నెల, దశాంశాల్లో తేదీ, నెల సగటు, ఋతువుల ఊపు తీసేసిన సగటు వరసగా ఉంటాయి. పెరుగుదల చూడాలంటే ఒక మే నెలను ఇంకో మే నెలతోనే పోల్చండి. మేతో సెప్టెంబరు పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయిందని తేలుతుంది. 1974 మే కి ముందు అంకెలు స్క్రిప్స్‌వి. 2022 డిసెంబరు నుంచి 2023 జూలై మొదటి వారం దాకా ఉన్నవి పక్క కొండ మౌనా కెయావి. 2022 నవంబరు చివర్లో మౌనా లోవా బద్దలై లావా రోడ్డునీ కరెంటు లైన్లనీ తెంపేసింది, అందుకు. స్క్రిప్స్ ఫైలు దింపుకుంటే కొలత లేని నెలలకి -99.99 అని ఉంటుంది. 1958 జూన్, అక్టోబరు, ఇంకా నిధులు కోసేసి కొలతలు ఆపిన 1964 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అలాంటివే. ఎక్సెల్‌లో గీసే ముందు ఆ గడులు ఖాళీ చేయండి, లేకపోతే గీత అక్కడ పాతాళానికి పడిపోతుంది.